చదవని తీర్మానం మీద సంతకం పెట్టమంటున్నారు: కొత్త వార్డు సభ్యుడి ప్రశ్న

ప్రశ్న

పెద్దలకు నమస్కారం. 2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతలుగా జరిగిన గ్రామపంచాయతీ ఎన్నికల్లో మా ఊళ్లో ఒక వార్డు నుంచి సభ్యుడిగా గెలిచాను. పోటీ చేసే నాటికి నాకు తెలిసిందల్లా మా వాడలో మురుగు కాలువ ఎక్కడ పొంగుతుందో, ఏ స్తంభానికి దీపం వెలగదో మాత్రమే. ఆ రెండూ బాగు చేయించగలనన్న నమ్మకంతో ఓటు అడిగాను, జనం కూడా అదే నమ్మకంతో వేశారు. ఇప్పుడు ఆ నమ్మకాన్ని ఎలా నిలబెట్టుకోవాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

నాకు ద్విచక్ర వాహనాల మరమ్మతు దుకాణం ఉంది. రోజుకు నలుగురైదుగురు పనిమీద కాక ఊరి మాట మీద దుకాణానికి వస్తారు. చేతిలోని పానా పక్కన పెట్టి, పింఛను ఎందుకు ఆగిందో, ఇళ్ల జాబితాలో పేరు ఎందుకు రాలేదో, నల్లాలో నీళ్లు ఎందుకు సన్నగా వస్తున్నాయో వాళ్లతో మాట్లాడాలి. సర్పంచికి నెలకు గౌరవ వేతనం ఉంది గాని వార్డు సభ్యుడికి లేదు. అది తెలిసే పోటీ చేశాను కాబట్టి దాని గురించి ఫిర్యాదు లేదు. అయితే బండి ఇచ్చి వెళ్లిన మనిషి సాయంత్రం వచ్చేసరికి పని కాకపోతే, తర్వాతిసారి ఆయన మరో దుకాణానికి వెళ్తాడు.

రెండో ఇబ్బంది ఇంటిది. మా పెదనాన్నగారు ట్రాక్టరు లోపలికి రావడానికి కాలువ మీద సిమెంటు ర్యాంపు కట్టించారు. దాని కింద మట్టి పూడుకుపోయి, నీళ్లు వెనక్కి తన్ని ఎదురింటి వారి గడప ముందు నిలుస్తున్నాయి. ఎదురింటి వారు నాకు ఓటేసినవారు. పెదనాన్న నన్ను ఎత్తుకుని పెంచినవారు.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెడుతున్నది మూడోది. మొన్న సమావేశం ఉదయం పదకొండింటికి పెట్టారు, దుకాణం వదిలి వెళ్లలేకపోయాను. రెండు రోజుల తర్వాత తీర్మానాల పుస్తకం నా దుకాణానికే వచ్చింది. చివరి అంశానికీ సంతకాల వరుసకూ మధ్య దాదాపు అర పేజీ ఖాళీగా ఉంది. అందరూ పెట్టారు, నువ్వొక్కడివే మిగిలావు అన్నారు. చదివి పెడతానంటే, మా మీద నమ్మకం లేదా అని అడిగారు. ఆ రోజుకు పెట్టకుండా పంపించాను. ఇంతకీ నేను చేసింది సరైనదేనా? వార్డు సభ్యుడికి నిజంగా ఉన్న అధికారం ఎంత? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం: విశ్రాంత పంచాయతీ కార్యదర్శి

మీరు చేసింది ముమ్మాటికీ సరైనదే. ఆ పుస్తకం చాలా ఏళ్లు నా చేతుల్లోనే ఉండేది కాబట్టి ఆ ఖాళీ అర పేజీ గురించి ముందుగా చెబుతాను.

తీర్మానాల పుస్తకం మీద సంతకం రెండు సంగతులను రుజువు చేస్తుంది. సభ్యుడు ఆ రోజు హాజరయ్యాడన్నది ఒకటి, అక్కడ రాసినది ఆయన ఎదుట చర్చకు వచ్చిందన్నది రెండోది. మీరు హాజరు కాలేదు కాబట్టి, ఆ సంతకం పెడితే రెండూ అబద్ధాలవుతాయి. తర్వాత ఎప్పుడో ఆడిట్‌లో ఒక ఖర్చు మీద అభ్యంతరం వస్తే, తీర్మానానికి సంతకం చేసినవారందరినీ అడుగుతారు. నేను ఆ రోజు లేను అని చెప్పుకోవడానికి మీకు దారి ఉండదు, ఎందుకంటే ఉన్నానని మీరే రాసి ఇచ్చి ఉంటారు. ఈ తప్పు దురుద్దేశంతోనే జరుగుతుందని నేను అనను. కోరం (సమావేశం చెల్లడానికి ఉండాల్సిన కనీస సభ్యుల సంఖ్య) సరిపోదేమోనన్న భయం, పై నుంచి వివరాలు రేపటికల్లా కావాలన్న ఒత్తిడి, అందరినీ ఒకచోటికి చేర్చలేని అలసట, ఇవన్నీ కలిసి పుస్తకాన్ని ఇంటింటికీ తిప్పే అలవాటును తెచ్చాయి. నేనూ ఒకప్పుడు తిప్పాను. అందుకు ఈనాటికీ బాధపడతాను.

ఇకమీదట మీరు ఇలా చేయండి. సమావేశానికి వెళ్లినప్పుడు ప్రతి అంశం రాసిన తర్వాత చదివి వినిపించమని అడగండి. చివరి అంశం పూర్తయిన చోటనే, ఒక్క గీత కూడా వదలకుండా, మీ సంతకం పెట్టి పక్కన తేదీ వేయండి. ఖాళీ మిగిలితే దానికి అడ్డంగా గీత కొట్టమని కార్యదర్శిని కోరండి. అది ఆయనకూ రక్షణే కాబట్టి, నిజాయితీ గల కార్యదర్శి కాదనడు. ఏదైనా తీర్మానం మీకు నచ్చకపోతే సమావేశం నుంచి లేచి వెళ్లవద్దు. నా అసమ్మతిని కారణంతో సహా నమోదు చేయండి అని అడగండి. బయటికి వెళ్లిపోయిన సభ్యుడి అభిప్రాయం పుస్తకంలో ఎక్కడా ఉండదు. కూర్చున్న సభ్యుడి అసమ్మతి రెండు వాక్యాలే అయినా, ఆ పుస్తకం ఉన్నంతకాలం ఉంటుంది.

అధికారం ఎంత అని అడిగారు. ఒంటరిగా మీకు ఏ అధికారమూ లేదు. మీరు ఎవరికీ అనుమతి ఇవ్వలేరు, రూపాయి ఖర్చు పెట్టలేరు, పారిశుద్ధ్య కార్మికుడిని కూడా మీ అంతట మీరు ఆదేశించలేరు. చెక్కు మీద సంతకాలు సర్పంచివీ ఉపసర్పంచివీ. పంచాయతీ ఏ నిర్ణయమైనా తీర్మానం రూపంలోనే తీసుకుంటుంది, ఆ తీర్మానంలో మీది ఒక ఓటు. కానీ చాలామంది సభ్యులు ఐదేళ్లూ గడిచినా తెలుసుకోని ఒక హక్కు పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. పంచాయతీ పనుల్లో ఎక్కడ నిర్లక్ష్యం జరిగినా, పంచాయతీ ఆస్తి ఎక్కడ వృథా అయినా, తన వాడకు ఏది అవసరమైనా దాన్ని పంచాయతీ దృష్టికి తెచ్చే హక్కు, సమావేశంలో ప్రశ్నలు వేసే హక్కు, ముందుగా తెలియజేసి కార్యాలయ వేళల్లో రికార్డులు చూసే హక్కు ప్రతి సభ్యుడికీ ఉన్నాయి. నగదు పుస్తకం, ఎవరు ఎంత కట్టాలో రాసే ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు, పనుల కొలతలు రాసే ఎం.బుక్, ఈ మూడూ ఒకసారి తెరిచి చూడండి. మీ పంచాయతీకి ఏటా ఎంత వస్తుంది, అది దేనికి పోతుంది అన్నది తెలిసిన సభ్యుడి మాటను సమావేశంలో ఎవరూ తేలిగ్గా తోసిపుచ్చరు.

డబ్బు గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే దుకాణానికి వచ్చేవారికి మీరు జవాబు చెప్పాల్సింది దాని మీదే. కేంద్ర నిధుల పంపకాన్ని సూచించే 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకు సిఫార్సు చేసిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టిపడేసింది. మిగిలిన 40 శాతమే గ్రామం తన అవసరాన్ని బట్టి వాడుకునేది, అందులోనూ జీతాలకు వాడకూడదన్న నియమం ఉండేది. పైగా సక్రమంగా ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆ నిధులు వచ్చేవి కావు. 2024 ఫిబ్రవరి మొదలు మీరు ప్రమాణం చేసేదాకా ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది కాబట్టి, మీ పంచాయతీలోనూ ఆ కాలపు బాకీలు పేరుకుని ఉండవచ్చు, లెక్క అడిగి చూడండి. ఇక సొంత ఆదాయంలో ట్రాక్టరు డీజిలు, కార్మికుల వేతనాలు, వీధిదీపాల కరెంటు బిల్లు పోగా చిన్న పంచాయతీలో కాలువ మరమ్మతుకు మిగిలేది చాలా తక్కువ. ఈ లెక్కను మీరు ఒక కాగితం మీద రాసుకుని, అడిగినవారికి చూపించండి. డబ్బు లేదు అన్న మాట సాకులా వినిపిస్తుంది, అంకెలు చూపిస్తే అలా అనిపించదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. పంచాయతీ పనుల కాంట్రాక్టులో సభ్యుడికి వాటా ఉంటే పదవికి అనర్హుడవుతాడు. కాలువ పని త్వరగా కావాలన్న ఆతృతతో, నేనే చేయించి బిల్లు తర్వాత పెడతాను అని ఎన్నడూ అనకండి. మంచి ఉద్దేశంతో ఇలా ఇరుక్కున్నవారిని చూశాను.

రెండో సమాధానం: రెండుసార్లు వార్డు సభ్యుడిగా పనిచేసిన రైతు

కార్యదర్శిగారు పుస్తకం సంగతి చెప్పారు కాబట్టి నేను మీ పెదనాన్నగారి ర్యాంపు గురించి మాట్లాడతాను. ఈ పదవిలో కష్టమంతా అక్కడే ఉందని నా అనుభవం. శాసనసభ్యుడికి ఓటర్లు ఉంటారు, మనకు ఉండేది పాలివాళ్లు, ఇరుగుపొరుగువారు. వారితోనే పొలం గట్టు, వారితోనే పెళ్లి పందిరి, చివరికి పాడె మోసేది కూడా వారే. అందుకే ఇక్కడ తీసుకునే నిర్ణయం న్యాయంగా ఉంటే చాలదు, న్యాయమని ఇరువైపులా కంటికి కనిపించాలి.

మా వాడలోనూ ఇలాంటి తగాదానే వచ్చింది. మా బాబాయి వరస ఆయన ఇంటి ముందు కాలువ ఎత్తుగా ఉందనీ, కాదు ఎగువవాళ్లు చెత్త వేస్తున్నారనీ రెండు పక్షాలు రెండేళ్లు మాట్లాడుకోలేదు. నేను మొదట చేసిన తప్పు ఏమిటంటే, ఇద్దరి ఇళ్లకూ విడివిడిగా వెళ్లి సర్దిచెప్పాను. ఒకరింట్లో చెప్పిన మాట మరొకరింటికి వేరుగా చేరింది. చివరికి ఒక మేస్త్రీని పిలిచి, ఆయన గోడలకు మట్టం చూసే సన్నటి ప్లాస్టిక్ గొట్టం తెప్పించాను. అందులో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొసను ఎగువ ఇంటి కాలువ దగ్గర, మరో కొసను దిగువన పట్టుకున్నాం. ఎగువ కొసను మా బాబాయి చేతికే ఇచ్చాను, దిగువ కొసను ఎదుటి పక్షం అబ్బాయి పట్టుకున్నాడు. గొట్టంలోని నీటిమట్టం నుంచి కాలువ అడుగుదాకా రెండు చోట్లా టేపుతో కొలిస్తే, నీళ్లు పోవలసిన వైపే కాలువ నాలుగు వేళ్ల ఎత్తు ఉందని తేలింది. చెత్త వేసిన వారి తప్పు గాని, మా బాబాయి తప్పు గాని కాదు, కాలువ కట్టినప్పుడే వాలు తప్పింది. ఆ మాట నేను చెప్పి ఉంటే ఎవరూ నమ్మేవారు కాదు, గొట్టంలోని నీళ్లు చెప్పాయి కాబట్టి ఇద్దరూ ఒప్పుకున్నారు.

మీ విషయంలో తప్పు నిజంగా ర్యాంపుదే కావచ్చు. అయినా మొదట కొలిపించండి, కొలిచేటప్పుడు పెదనాన్నగారు అక్కడ ఉండేలా చూడండి. ర్యాంపు తీసేయాలి అని మీ నోటి నుంచి మొదటి మాట రాకూడదు. కింద పెద్ద సిమెంటు గొట్టం వేసి ర్యాంపును తిరిగి కట్టుకోవచ్చు, లేదా నడుమ పలకలు పరిచి పూడిక తీసే వీలు కల్పించవచ్చు, ట్రాక్టరు రాకపోకలు ఆగనక్కర్లేదు. ఆయన కాదంటే, ఆ అంశం సమావేశంలోకి వచ్చిన రోజు మీరు ముందే లేచి, ఇది మా పెదనాన్నగారి ఇంటి సంగతి కాబట్టి నేను చర్చలో వాస్తవాలు చెబుతాను, ఓటులో పాల్గొనను అని చెప్పి, ఆ మాటనే పుస్తకంలో రాయించండి. ఎదురింటి వారు అది గమనిస్తారు. పెదనాన్నగారికి కొంతకాలం కోపం ఉంటుంది, దానికి మందు లేదు. పండక్కి మీరే ముందు వెళ్లి పలకరించండి.

చేయలేని పనులు అడిగేవారి గురించి కూడా చెబుతాను. పింఛను, రేషన్ కార్డు, ఇల్లు, ఇవి మంజూరు చేసేది మనం కాదు. నేను చూస్తాను అన్న మాట మొదటి ఏడాది అందరికీ చెప్పాను. రెండో ఏడాది ఆ మాటే నా మీద అప్పులా తిరిగి వచ్చింది. ఆ తర్వాత మార్చుకుని, ఇది ఫలానా కార్యాలయంలో తేలుతుంది, మీ దరఖాస్తు మీద రసీదు ఉందా, లేకపోతే రేపు రాసుకుని వెళ్దాం అని చెప్పడం మొదలుపెట్టాను. కొందరు ముఖం చిన్నబుచ్చుకున్నారు. అయితే రసీదు దాచుకోవడం మా వాడకు అప్పుడే అలవాటైంది.

మూడో సమాధానం: మాజీ వార్డు సభ్యురాలు

తమ్ముడూ, నీ ప్రశ్నలో ఒక చిన్న మాటకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. సమావేశం ఉదయం పదకొండింటికి పెట్టారన్నావు. నా దృష్టిలో మిగతా చిక్కులకు మొదలు అక్కడే ఉంది.

నేను మహిళలకు కేటాయించిన వార్డులో గెలిచాను. మన రాష్ట్రంలో పంచాయతీ స్థానాల్లో సగం మహిళలవే కాబట్టి, మా పాలకవర్గంలోనూ మేము సగం మందిమి ఉండేవాళ్లం. కానీ సమావేశం వేళకు మాలో కూలికి వెళ్లేవాళ్లు నాట్లలోనో కలుపులోనో ఉండేవారు. ఆ రోజు కూలి పోగొట్టుకుని రావాలి, లేదా భర్తను పంపాలి. చాలా ఇళ్లలో భర్తలే వచ్చి కుర్చీల్లో కూర్చునేవారు, పుస్తకం మాత్రం సాయంత్రం వంటింటి గడపకు వచ్చేది. నాకూ అలాగే వచ్చింది. పిండి కలుపుతున్న చేతిని కొంగుతో తుడుచుకుని సంతకం పెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. అందులో ఏముందో నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు కార్యాలయానికి వెళ్లి, నిన్న నేను సంతకం పెట్టినది చదివి వినిపించండి అని అడిగాను. అక్కడున్నవారు ఆశ్చర్యపోయారు గాని చదివారు. ఆ రోజు నుంచి చదవనిదే పెట్టలేదు.

తర్వాత మేము నలుగురు ఆడవాళ్లం కలిసి, నెలవారీ సమావేశం సాయంత్రం ఐదు తర్వాత గాని, సంత రోజున గాని పెట్టాలని రాతపూర్వకంగా కోరాం. ఒక్కరం అడిగితే సతాయింపు అనేవారు, నలుగురం సంతకాలు చేసి ఇచ్చాం కాబట్టి చర్చకు వచ్చింది. రెండు నెలలు కాలయాపన జరిగింది, మూడో నెల నుంచి సాయంత్రం పెట్టారు. హాజరు పెరిగింది, పుస్తకం ఇళ్లకు రావడం దానంతట అదే ఆగింది. నీలాగే దుకాణాలు, ఆటోలు నడుపుకునే సభ్యులు మీ పంచాయతీలోనూ ఉంటారు. వాళ్లను కలుపుకో.

ఇంకొకటి గ్రామసభ. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం అది రెండు నెలలకు ఒకసారి జరగాలి. మన మాటకు సమావేశంలో బలం లేనప్పుడు, మన వాడవాళ్లు గ్రామసభకు వచ్చి అదే మాట తమ నోటితో చెబితే పాలకవర్గం వినక తప్పదు. నేను గ్రామసభకు ముందు రోజు సాయంత్రం మా వార్డులో ప్రతి గడపకూ వెళ్లి చెప్పి వచ్చేదాన్ని. డప్పు చాటింపు విన్నా రానివాళ్లు, ఇంటికి వచ్చి పిలిస్తే వచ్చేవారు. తాగునీటి వాల్వు మా వాడకు ఉదయం అరగంట కూడా తిప్పడం లేదన్న సంగతి నేను మూడు సమావేశాల్లో చెప్పినా కదలలేదు. గ్రామసభలో ఒక ముసలమ్మ ఖాళీ బిందె తెచ్చి బల్ల మీద పెట్టి, నిన్న ఇది సగం కూడా నిండలేదు అని చెప్పింది. ఆ వారంలోనే వాల్వు వేళలు గోడ మీద రాయించారు.

దుకాణం గురించి నీ బాధ నాకు అర్థమైంది. రోజంతా తలుపు తెరిచి ఉంచితే ఐదేళ్లు నిలవలేవు. ఫలానా వేళ నుంచి ఫలానా వేళ వరకు ఊరి మాట, మిగతా సమయం నా పని అని ఒక కాగితం అతికించు. పాము కరిచినా, తీగ తెగినా ఎప్పుడైనా వస్తారు, రావాలి కూడా. పింఛను మాట సాయంత్రం దాకా ఆగుతుంది.

అడిగినవారి తిరుగు జవాబు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ సమాధానాలు చదివిన తర్వాత మూడు పనులు చేశాను.

పంచాయతీ కార్యాలయానికి వెళ్లి ఆ పుస్తకం అడిగి చదివాను. ఖాళీ అర పేజీలో ఇంకా ఏమీ రాయలేదు. నేను హాజరు కాలేదు కాబట్టి సంతకం చేయలేనని, ఖాళీకి గీత కొడితే బాగుంటుందని కార్యదర్శితో చెప్పాను. ఆయన చిన్న వయసువాడు, ఉద్యోగానికి కొత్త. కాసేపు మాట్లాడలేదు, తర్వాత స్కేలు తీసుకుని గీత కొట్టి, పక్కన తన పొడి సంతకం వేశాడు. నమ్మకం లేదా అని అడిగినవారు మాత్రం నన్ను ఇంకా పలకరించడం లేదు.

సమావేశం వేళ మార్చమని ఉత్తరం రాశాను. ఆటో నడిపే సభ్యుడొకరు, బీడీలు చుట్టే సభ్యురాలొకరు దాని మీద సంతకం చేశారు. ఇంకో ఇద్దరు ఆలోచించి చెబుతామన్నారు.

మేస్త్రీ ఆదివారం గొట్టం తెస్తానన్నాడు. ఎగువ కొస పట్టుకోవడానికి మీరు రావాలి అని పెదనాన్నగారికి చెప్పాను. నా ర్యాంపు కొలవడానికి నన్నే పిలుస్తున్నావా అన్నారు. అవును, మీ చేతిలో ఉంటేనే ఎవరూ మాట అనరు అన్నాను. వస్తానని గాని రానని గాని చెప్పలేదు. అన్నగారూ, ఆయన రాకపోతే ఆ రోజు కొలిపించాలా, వాయిదా వేయాలా?

రెండో సమాధానం ఇచ్చిన రైతు

వాయిదా వేయండి, అది కూడా ఒక్కసారి మాత్రమే. రెండో ఆదివారం కూడా రాకపోతే పెద్దమ్మగారిని అడగండి, ఆమె గాని మీ అన్నదమ్ముల్లో ఒకరు గాని ఆ కొస పట్టుకుంటే సరిపోతుంది. ఆ ఇంటి మనిషి ఎవరూ లేకుండా మాత్రం కొలిపించకండి. ఇంకొక మాట, కొలిచే ముందు రోజు ర్యాంపు కింద పూడిక తీయించండి, లేకపోతే గొట్టం మట్టి ఎత్తునే చూపిస్తుంది, కాలువ అడుగును చూపించదు.